భీమ మీద ఒక్కరూ లేరు

పోయిన వారం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, గద్వాలల ఇంటర్నెట్ నడిపినాయనవు నువ్వేనా?" అన్నాడు అవతలి మనిషి.

ఆ షాపు మూసేసి చాలా ఏళ్లయింది. అవునన్నాను.

"పాన్‌గల్ కాడికెల్లి మాట్లాడుతున్న. మా మేనత్త పోయింది. ఆమె పుస్తకంల నీ నంబరు ఉండె. అందరికి చెప్తున్న."

ఎవరి మేనత్త అని అడగబోతుంటే అతని వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "గడ్డ మీది టీచరమ్మ అని చెప్పు, ఎరుకయితది."

ఎరుకయింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పాన్‌గల్ పోయాను. వాకిట్లో వేసిన టెంటు కింద చుట్టాలు, పక్క పొలాలవాళ్లు, ఆమెతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు రిటైర్డు టీచర్లు కూర్చుని ఉన్నారు. ఆమె బ్లాగు రాసేదన్న సంగతి వాళ్లలో ఒక్కరికీ తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమే ఎక్కడా రాసుకోలేదు. ఆ బ్లాగులో ఎంత వెతికినా పేరు దొరకదు, ఫొటో ఉండదు. పైన ఒక్క వరుస మాత్రం ఉంటుంది: కృష్ణలో ఒక గడ్డ, దాని మీద ఒక బడి.

మా వైపు నది మధ్యలో ఉండే లంకను గడ్డ అంటాం. గద్వాలకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ గడ్డ మీద నలభై, యాభై ఇళ్లు. చుట్టూ నీళ్లు. అవతలికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురు అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి తొట్టిలాంటిది పుట్టి. ఆమె రోజూ పొద్దున గద్వాల నుంచి జీపులో ఘాటు దాకా, అంటే పుట్టి ఎక్కే రేవు దాకా వచ్చి, పుట్టిలో గడ్డకు పోయి, ముప్పై మంది పిల్లలకు చదువు చెప్పి, సాయంత్రం అదే పుట్టిలో తిరిగొచ్చేది.

రెండు వేల ఆరో ఏడో. పాత బస్టాండు పక్కన ఆరు కంప్యూటర్లు, ప్లైవుడ్ అడ్డాలు పెట్టి నేను షాపు నడుపుతున్నాను. ఒక శనివారం సాయంత్రం ఆమె లోపలికి వచ్చింది. నలభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. కిటికీ పక్కన ఉన్న మూడో సిస్టం దగ్గర కూర్చుని, మౌసు మీద తన చేతిరుమాలు పరిచింది.

"ఎందరు పట్టుకుంటరో తమ్మీ," అంది నేను చూడటం చూసి.

అప్పటి నుంచి ప్రతి శనివారం అదే కుర్చీ, అదే రుమాలు. నోట్‌బుక్‌లో రాసుకొచ్చింది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకునేది. కొడుతూ పెదవులు కదుపుతూ చదువుకునేది. రెండు వాక్యాలకోసారి తల తిప్పి కిటికీలోంచి పడమటి ఆకాశం చూసేది. మబ్బేమీ లేదు కదా టీచరమ్మా అన్నాను ఒకసారి.

"మనకు కనపడే మబ్బుతోని ఏం బుగులు లేదు తమ్మీ. కనపడకుండ యాడనో పడుతది సూడు, దానికే."

మొదట్లో ఆమె రాసినవన్నీ పిల్లల కబుర్లు. పుట్టిలో నిద్రపోయే పిల్లవాడు, సున్నం రాలిన బడి గోడ మీద పరిగెత్తే ఉడుతలు, నీళ్లు తగ్గినప్పుడు బయటపడే పాత రాతిమెట్లు. చదివితే హాయిగా ఉండేవి. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకేచోట వరుసగా చూపించే సైటు ఒకటి ఉండేది అప్పట్లో. అందులో ఆమె బ్లాగును నేనే చేర్పించాను. వారం తిరక్కుండా రోజుకు నూటికి పైగా మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఏ ఊరివాళ్లో ప్రపంచపటం మీద ఎర్రచుక్కలుగా చూపించే లెక్కను కూడా బ్లాగు పక్కన పెట్టాను. హైదరాబాదు, బెంగుళూరు, సింగపూరు, అమెరికాలో నాలుగు చోట్ల. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి ముఖం తెచ్చింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. ఆమె వేలు మన దేశం మీదికి వచ్చి, గద్వాల ఉండాల్సిన చోట ఆగి, అక్కడి నుంచి పడమటికి మెల్లగా జరిగింది.

"ఈడ ఎవ్వరు లేరేంది?"

"ఎక్కడమ్మా?"

"రాయచూరు. దానికి పైన. నది పొడుగూత ఒక్క చుక్క లేదు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మొదటిసారీ, చివరిసారీ చెప్పిందది. అంతకు ముందు ఏడాది పన్నెండు మంది పిల్లలను గద్వాలలో ఆటల పోటీలకు తీసుకుపోతోందట. పైన కర్ణాటకలో ప్రాజెక్టు గేట్లు ఎత్తిన సంగతి ఎవరికీ తెలియదు. ఆ కబురు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి నడిచి రావాలి. గడ్డ అన్నిటికంటే చివర. ఆ రోజు కబురు కంటే నీళ్లే ముందొచ్చాయి.

"నడిమిట్లకు పోయినంక ఉశేనప్ప గడ ముంచిండు. అడుగు తగల్లే. ఇంక జర ముంచిండు. తగల్లే. నా దిక్కు సూసిండు. పిల్లలకు తెల్వకుండ సూసిండు తమ్మీ."

ఉశేనప్ప ఆ పుట్టి నడిపే పెద్దాయన. ఎలాగో ఒడ్డుకు చేర్చాడు. పిల్లలు ఆటల పోటీలకు వెళ్లి కబడ్డీలో ఓడిపోయి వచ్చారు. వాళ్లకు అది మామూలు రోజు.

ఆ తర్వాత ప్రతి రాత కింద ఆమె రెండు వాక్యాలు చేర్చేది. మీ పేరు చెప్పకపోయినా సరే. మీ ఊరు ఏ నీళ్ల పక్కన ఉందో చెప్పండి.

జవాబులు బాగానే వచ్చేవి. "మా అపార్ట్‌మెంటుకు ట్యాంకరు నీళ్లేనండీ" అని ఒకరు. "మాది గోదావరి, మీ శైలి అద్భుతం" అని ఇంకొకరు. ఆమె అందరికీ ఓపికగా ధన్యవాదాలు చెప్పేది. చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, "మంచోళ్లే," అనేది. "వీళ్లల్ల ఒక్కరు గూడ మన నీళ్లకు పైన లేరు."

మెల్లగా కబుర్లు తగ్గాయి. 'ఈ ఉదయం నీళ్లు మూడో మెట్టు దగ్గర. రంగు మామూలు.' కొన్ని రోజులు ఇంతే ఉండేది. శనివారం దాకా ఆగకుండా రోజూ సాయంత్రం జీపు దిగి నేరుగా నా షాపుకు వచ్చి ఆ రెండు ముక్కలు పెట్టి పోయేది. ఆ పెద్ద సైటులో చదివేవాళ్లకు విసుగొచ్చింది. ఇది బ్లాగా, వాతావరణ సూచనా అని ఎవరో అడిగారు. ఒక రోజు చూస్తే సైటు వాళ్లు ఆమెను తీసేశారు. నూటయాభై మంది వచ్చే చోట ఆ రోజు నలుగురు వచ్చారు.

నేను పరేషానై, వాళ్లకు మెయిలు రాస్తానని కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తట్టి ఆపింది.

"గిదే నేను మొత్తుకునేది. అందరు ఒక్క తలుపుల నుంచే వస్తుండ్రు. ఆ తలుపు మనది గాదు. వాళ్లు తెరుసుకుంటె తెరుసుకోని. మనం ఇంకో నాలుగు తలుపులు సూసుకుందాం."

అట్లా మొదలైంది. ఆ ఏడాదంతా నేను చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. కన్నడం రాని నేను కన్నడ బ్లాగులు వెతికి ఇంగ్లీషులో కామెంట్లు పెట్టాను. బ్లాగు చిరునామా చీటీల మీద అచ్చు తీశాను. ఆమె గద్వాలలో ఒక నేతపనివాళ్ల ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని ఉండేది. పగలంతా వెనక గదిలో మగ్గం చప్పుడు. ఆ ఇంటి పెద్దాయన నేసిన చీరలు రాయచూరు, గుల్బర్గా దుకాణాలకు పోతాయని తెలిసి, ఒక్కో చీర మడతలో ఒక్కో చీటీ పెట్టమని అడిగింది.

"చీరల చీటీ ఏందమ్మా? కొన్నోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడాయన.

"ఏమన్న అనుకోని. నీ చీర పోయే ఊళ్లకు నేను పోలేను గద."

ఆయన నవ్వి, పెట్టాడు.

ఎండాకాలం సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. రాయచూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. పై ప్రాజెక్టు దగ్గరి కాలనీలో దిగేసరికి మధ్యాహ్నం. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆమె ఒక్కో దుకాణం మెట్లెక్కి, లోపల కంప్యూటరు ఉందో లేదో చూసి, ఉంటేనే మాట్లాడుతోంది. చాలామంది మేము చందాకు వచ్చామనుకున్నారు. ఆఖరికి ఒక మందుల దుకాణాయన పూర్తిగా విన్నాడు.

"అక్కా, నీరు నోడక్కె ఇంటర్నెట్ యాకె?" అన్నాడు. నీళ్లు చూడటానికి ఇంటర్నెట్ ఎందుకు అని.

"నువ్వు సూస్తవు. నీకు కనపడుతయి. నాకు కనపడయి తమ్మీ. నువ్వు సూసినంక ఒక పగటికి నా కాడికి వస్తయి. నడుమ నా పిల్లలుంటరు."

ఆయనకు తెలుగు సగమే వచ్చు. పిల్లలన్న మాట అర్థమైంది. కాసేపు మా ముఖాల వైపు చూసి, మందు అట్టపెట్టె చించి దాని మీద బ్లాగు చిరునామా రాసుకున్నాడు.

జూన్ నుంచి ఆయన రోజూ పొద్దున బ్లాగు కింద కామెంటుగా ఒక వరుస రాసేవాడు. ఇవత్తు ఎంటు గేటు. ఈ రోజు ఎనిమిది గేట్లు. నేను ఎనిమిదింటికి షాపు తాళం తీసి, అది చూసి, ఉశేనప్పకు ఫోన్ చేయాలి. ఉశేనప్ప సెల్లును ప్లాస్టిక్ కవరులో చుట్టి మెడకు వేలాడేసుకునేవాడు. నేను చెప్పింది విని, "సరే కొడకా, ఇడుస్తున్న," అనేవాడు, పుట్టి వదులుతున్నానని. లేదంటే, "సరే కొడకా, కట్టేస్తున్న." మూడో మాట ఉండేది కాదు.

ఆ వానాకాలం రెండుసార్లు కట్టేశాడు. రెండుసార్లూ సాయంత్రానికి నీళ్లొచ్చాయి. నాగర్‌కర్నూల్ నుంచి ఒక కాలేజీ లెక్చరర్ రాశాడు, వాళ్ల అమ్మా నాన్నల ఊరు మాకు దిగువన కృష్ణ ఒడ్డునే ఉందని, మీరు రాసింది చూసి వాళ్లకు ఫోన్ చేస్తున్నానని. ఆ కామెంటును ఆమె తన నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకుంది. తర్వాత ఆదివారాలు కూడా రాయడం మొదలుపెట్టింది.

నాకు గర్వంగా ఉండేది. ఒక రోజు ఆమెతో పాటు ఘాటుకు పోయాను. రేవులో నిలబడ్డవాళ్లు నది వైపు కూడా చూడటం లేదు. "ఫోనొచ్చిందా?" అని ఉశేనప్పను అడుగుతున్నారు. వచ్చిందంటే ఎక్కి కూర్చుంటున్నారు.

"సూసిన్రా, మన ఫోన్‌ను ఎట్ల నమ్ముతున్నరో," అన్నాను.

"నీళ్లను సూసుడు బంద్ జేసిన్రు," అంది ఆమె.

ఆ సాయంత్రం షాపులో నా బల్ల అద్దం మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసింది. కృష్ణ. గీత మొదట్లో చుక్క పెట్టింది, మందుల దుకాణాయన. చివర సున్నా చుట్టింది, గడ్డ. తర్వాత పైనుంచి ఇంకో గీత దించి, ఆ రెంటికీ మధ్యలో కృష్ణలో కలిపింది.

"ఇది భీమ. వాని ప్రాజెక్టుకు కింద కలుస్తది. ఈ నీళ్లు వానికి కనపడయి. వాడు ఏం లేదంటె కృష్ణల ఏం లేదని. అంతే." పెన్ను మూత పెట్టింది. "భీమ మీద ఒక్కరు లేరు తమ్మీ."

ఆ గీతలను నేను తుడిచేశాను. ఆమె మాట మాత్రం రోజూ వచ్చేది. రుమాలు పరుస్తూ అడిగేది, "భీమ కాడికెల్లి ఎవరన్న వచ్చిన్రా?" లేదని చెప్పేవాడిని. కొన్నాళ్లకు ఆమె అడగకముందే లేదని చెప్పడం అలవాటైంది. గుల్బర్గా వైపు బస్సెక్కి తానే పోతానంది. బడికి సెలవు దొరకలేదు. పోదాం, దసరాకు పోదాం అన్నాను నేను. నాకు నిజంగా అంత తొందరగా అనిపించలేదు.

రెండో వానాకాలం. ఆ పొద్దున కూడా ఎనిమిదింటికే తాళం తీశాను. మందుల దుకాణాయన రాశాడు, ఇవత్తు యావ గేటూ ఇల్ల. ఏ గేటూ ఎత్తలేదు. ఫోన్ చేశాను.

"పైన ఏం లేదు పెద్దయ్యా."

"సరే కొడకా, ఇడుస్తున్న."

పొద్దుటి తిరుగుడులో ఆమెను గడ్డ మీద దింపాడు. వెనక్కి వచ్చేటప్పుడు గద్వాల సంతకు పోయే ఇద్దరు ఆడవాళ్లు పల్లికాయ మూటలతో ఎక్కారు. నది సగం దాటారు.

పదకొండు దాటాక నా సెల్లు మోగింది. గడ్డ మీది ఎవరిదో నంబరు. అవతల చాలామంది అరుపులు. వాటి మధ్య ఆమె గొంతు, పిల్లలకు పాఠం చెప్పినంత నిదానంగా.

"తమ్మీ. భీమ."

నేను కుర్చీలోంచి లేచాను.

"ఉశేనప్ప పోయిండు," అంది.

బడి అరుగు మీద నుంచి ఆమె చూసిందట. నల్లరేగడి కలిసిన నీళ్లు, తుమ్మచెట్లను వేళ్లతో సహా మోసుకుంటూ, చప్పుడు లేకుండా వచ్చాయట. పుట్టి ఒకటే గిరగిరా తిరిగింది. ఒకామెను కిలోమీటరు కింద చేపలు పట్టేవాళ్లు జుట్టు పట్టి లాగారు. ఇంకొకామె, ఉశేనప్ప మూడో రోజు శవాలై దొరికారు. టీచరమ్మ పిల్లలందరినీ లోపలికి తోసి, తలుపు వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడిందట. పిల్లలకు ఎక్కాలు చదవమని చెప్పిందట. ఇది నాకు ఆమె చెప్పలేదు. గడ్డవాళ్లు చెప్పారు.

ఆ వారం బ్లాగుకు జనం విరగబడ్డారు. పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది. తీసేసిన సైటు వాళ్లు ఆమెను మళ్లీ చేర్చుకుని పైన పెట్టారు. రోజుకు వేల మంది. పటం మీద ఎర్రచుక్కలు పడని దేశం లేదు. చదివి కన్నీళ్లు ఆగలేదని, ఎవరిని నిలదీయాలని, మీకు జోహార్లని వందల కామెంట్లు. ఆమె శనివారం వచ్చి, రుమాలు పరిచి, ఒక్కొక్కటీ చదివింది. మూడు గంటలు పట్టింది. నేను టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

"ఎవరి కోసం చూస్తున్నరు టీచరమ్మా?"

"ఇంతమంది వచ్చిన్రు," అంది తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "ఒక్కరు లేరు."

ప్రమాదం గురించి ఆమె ఏమీ రాయలేదు. ఆ రోజు తేదీ కింద ఇంతే ఉంది: నీళ్లు ఘాటు పైన. రంగు నలుపు. భీమ.

పదిహేను రోజులకు ఉశేనప్ప భార్య సవారమ్మ నా షాపుకు వచ్చింది. అప్పుడు టీచరమ్మ కూడా అక్కడే ఉంది. సవారమ్మ గుమ్మంలోనే నిలబడి, ఆరు కంప్యూటర్ల వైపు, వాటి ముందున్న కాలేజీ పిల్లల వైపు చూసింది.

"నా పెనిమిటికి ఫోన్ చేసేది నువ్వేనా బిడ్డా?"

"నేనే పెద్దమ్మా."

"ఆ పొద్దు ఏం చెప్పినవ్?"

అబద్ధం చెప్పాలనిపించింది. "పైన ఏం లేదని చెప్పిన."

సవారమ్మ తల ఊపింది. "ముప్పై ఏండ్లు నడిపిండు. దినాం పొద్దుగాల నీళ్లల్ల చెయ్యి పెట్టి సూసెటోడు. రొండు వానకాలాల సంది సూస్తలేడు. ఫోనొచ్చినంక ఇంకేం సూసుడు అనెటోడు." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు చెప్పకపోయింటె సూస్తుండె."

టీచరమ్మ లేచి ఆమె దగ్గరికి పోయింది. చేయి పట్టుకోబోయి మానుకుంది.

"పిల్లగాని తప్పు లేదు సవారమ్మా. ఒక్క దిక్కే సూపిచ్చి, అంత సూసినమని మిమ్ముల నమ్మిచ్చిన. తప్పు నాది."

సవారమ్మ వచ్చినట్టే వెళ్లిపోయింది.

నేను ఇక ఆ పని మానేస్తానన్నాను. ఆ ఎర్రచుక్కల లెక్క తీసేస్తాను, ఆ బ్లాగే మూసేద్దాం అన్నాను. గడ్డ పెద్దమనుషులు కూడా అప్పటికే ఆమెకు చెప్పారు, ఇగ ఫోను ముచ్చట బంద్ చేయమని. ఆమె చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"ఫోన్ చేయకు. నేను అడగ. ఎనిమిదింటికి తాళమైతె తీస్తవ్ గద, తీసి సూడు. సూసుడు మటుకు ఇడువకు."

నేను చూస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పకుండా, రోజూ. కొన్ని నెలల పాటు అదొక శిక్షలాగా ఉండేది.

పేపర్లు మరిచిపోయాయి. వేల మంది వందలై, పదులై, మళ్లీ ఐదారుగురు మిగిలారు. దీపావళి అయిన మర్నాడు ఆ ఐదారుగురిలో ఒక కొత్త మనిషి కామెంటు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

'పండుగకు గద్వాల చీర కడదామని మడత ఇప్పితె చీటీ రాలింది. నా పుట్టిల్లు బల్మూర్. ఈడికి ఇచ్చిన్రు. మా మిద్దె ఎక్కితె భీమ కనపడుతది. మీకేం రాయాల్నో చెప్పండి.'

నేను సాయంత్రం దాకా ఆగలేక బడి దగ్గర ఎవరి సెల్లుకో ఫోన్ చేసి ఆమెను పిలిపించి చదివి వినిపించాను. "ఇంకోసారి సదువు," అంది.

ఆ రోజు వచ్చి జవాబు కొట్టింది. గంట సేపు కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది. చివరికి మిగిలింది ఇది: 'నీళ్ల రంగు రాయి చెల్లె. ఎంత ఎక్కినయో రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి. కానీ ఏమీ లేదని రాసిన రోజు, నీ మిద్దె మీదికి కనపడేది ఎంతవరకో అది కూడా రాయి.'

మళ్లీ వానాకాలం వచ్చింది. పుట్టి ఇప్పుడు సవారమ్మ మరిది నడుపుతున్నాడు. సెల్లు సవారమ్మ దగ్గర ఉంది. పాత నంబరే మళ్లీ తీయించుకుందని విన్నాను. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు. పది నెలలుగా ఆ నంబరు నొక్కలేదు.

ఒక పొద్దున తాళం తీసి చూస్తే రెండు కామెంట్లున్నాయి. మందుల దుకాణాయనది: యావ గేటూ ఇల్ల. బల్మూర్ ఆడబిడ్డది: 'తెల్లారి లేచి సూస్తె రేవుల మెట్లు లేవు. నీళ్లు నల్లగ ఉన్నయి. చెట్లు కొట్టుకపోతున్నయి.'

ఫోన్ తీసి సవారమ్మ నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తింది.

"పెద్దమ్మా, నేను..."

"ఎరుకనే. చెప్పు."

రెండూ చదివి వినిపించాను. నది చప్పుడు వినిపిస్తోంది. చివరికి అడిగింది, "ఈ ఆడిపిల్ల యాడుంటది?"

"భీమ ఒడ్డున."

"కండ్లతోని సూసిందా?"

"మిద్దె మీదికెల్లి సూసింది."

ఫోన్ పెట్టేసింది. కట్టేస్తాననీ అనలేదు, ఇడుస్తాననీ అనలేదు. నేను షాపు మూసి, స్కూటరెక్కాను.

ఘాటుకు చేరేసరికి పుట్టి బోర్లించి ఉంది. దాని మీద సవారమ్మ కూర్చుని ఉంది. పక్కన టీచరమ్మ నిలబడి ఉంది. ఇరవై మంది దాకా జనం. ఎండ కాస్తోంది. నది మూడో మెట్టు దగ్గర, అద్దంలా ఉంది. అవతల గడ్డ మీద బడి రేకులు మెరుస్తున్నాయి. గడ్డ మనిషి ఒకతను గద్వాల దవాఖాన నుంచి తల్లికి మందులు తెచ్చాడట. చేతిలో సంచి ఊపుతూ అరుస్తున్నాడు.

"నీళ్లేయి? సూపియ్యి నాకు, నీళ్లేయి? మా అమ్మకు ఏమన్నయితె నువ్వు తెస్తవా టీచరమ్మా? ఆపొద్దు పొమ్మని సంపితిరి, ఈపొద్దు ఆపి సంపుతరా?"

ఆమె ముఖం నల్లబడింది. పన్నెండయింది, ఒంటిగంటయింది. నది కదల్లేదు. జనం కొందరు వెళ్లిపోయారు, కొందరు సవారమ్మ మరిదిని పక్కకు పిలిచి నచ్చజెబుతున్నారు. అతను వదినె వైపు చూశాడు. సవారమ్మ లేవలేదు. ఆమె కనుక లేస్తే నేను ఏం చేసేవాడినో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఆడమనిషి ఏదో చూసి ఏదో అనుకుని ఉండొచ్చు కదా అని నాకే అనిపిస్తోంది. టీచరమ్మ ముఖంలోకి చూడలేక నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాను.

రెండున్నర ప్రాంతంలో మొదట నురుగు వచ్చింది. తర్వాత గడ్డికట్టలు. తర్వాత ఎవరిదో పశువుల కొట్టం కప్పు అలాగే తేలుతూ పోయింది. రంగు పడమటి నుంచి మారుకుంటూ వచ్చింది, ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు. మూడో మెట్టు పోయింది, రెండోది పోయింది. మేమంతా పుట్టిని ఎత్తుకుని గట్టు పైకి పరిగెత్తాం. మందుల సంచి మనిషి కూడా ఒక చేయి వేశాడు. అతని తల్లికి తర్వాత ఏమీ కాలేదు. కానీ రెండు రోజులు ఆ సంగతి అతనికి తెలియదు. ఆ రెండు రోజులూ గట్టు మీదే కూర్చున్నాడు.

పైకి చేరాక టీచరమ్మ ఉన్నచోటనే కూలబడింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడ్చిందో, రొప్పిందో చెప్పలేను. భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి.

సవారమ్మ నిలబడి నీళ్లనే చూస్తోంది. పోయిన ఏడాది అదే రంగు నీళ్లు. చూసి చూసి, వంగి, గట్టును ఒరుసుకుంటున్న నీళ్లలో చేయి ముంచి తీసింది. చీర కొంగుకు తుడుచుకుంటూ టీచరమ్మ పక్కన కూర్చుంది.

"రేపు గూడ అడుగమ్మా ఆ ఆడిపిల్లను," అంది.